ఎస్‌డీ నుంచి హెచ్‌డీకి: వీడియో ఫ్రేమ్ రేటు మార్పిడి

సెకనుకు ఇన్ని బొమ్మలు అన్న ఒక లెక్కలో తీసిన వీడియోను మరో లెక్కలోకి మార్చడమే ఫ్రేమ్ రేటు మార్పిడి. 24 ఫ్రేముల సినిమాను 25 ఫ్రేముల టీవీలో వేయాలన్నా, ఇండియాలో 50 ఫీల్డులతో (ఫ్రేములో సగం లైన్ల బొమ్మే ఫీల్డ్) తీసిన క్రికెట్ మ్యాచ్‌ను అమెరికాలో 60 ఫీల్డులతో చూపాలన్నా, పాత టేపును ఈనాటి హెచ్‌డీ ఛానెల్లో ప్రసారం చేయాలన్నా ఈ పని తప్పదు. స్టాండర్డ్ డెఫినిషన్ నుంచి హై డెఫినిషన్‌కు మారడం అనగానే అందరి దృష్టీ బొమ్మ సైజు మీదికి పోతుంది. నిజానికి సైజు పెంచడం ఇందులో తేలిక భాగం. రెండు చుక్కల మధ్య కొత్త చుక్క కావాలంటే చుట్టూ ఉన్న చుక్కలను చూసి దాదాపు సరిగ్గా అంచనా వేయవచ్చు. రెండు క్షణాల మధ్య కొత్త క్షణం కావాలంటే మాత్రం చిక్కే, ఎందుకంటే ఆ క్షణాన్ని కెమెరా చూడనేలేదు. పాత వీడియో హెచ్‌డీలో బాగా రావడమూ పాడవడమూ ఎక్కువగా ఈ కాలం లెక్క దగ్గరే తేలిపోతుంది.

ఈ అంకెలు ఎలా వచ్చాయి

మూకీల రోజుల్లో కెమెరాను చేత్తో తిప్పేవారు. వేగానికి ఖాయమైన లెక్క లేదు. 1920ల చివర్లో శబ్దం వచ్చాక ఆ వెసులుబాటు పోయింది. ఫిల్ము వేగం మారితే గొంతు మారిపోతుంది కనుక నిమిషానికి 90 అడుగులని ఖాయం చేశారు. 35 మిల్లీమీటర్ల ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు. ఆ లెక్కన సెకనుకు 24. తెలుగు సినిమాతో సహా ప్రపంచ సినిమా దాదాపు అంతా నేటికీ ఆ లెక్క మీదే నడుస్తోంది.

టీవీ లెక్క కరెంటు నుంచి వచ్చింది. తొలినాటి సెట్లలో విద్యుత్ సరఫరా తాలూకు అలజడి తెరమీద చారలుగా కనిపించేది. బొమ్మ వేగాన్ని కరెంటు వేగంతో కలిపితే ఆ చారలు కదలకుండా ఉండిపోతాయి, కంటికి అంతగా తగలవు. అమెరికా కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి 1941 నాటి అక్కడి ప్రమాణం 525 లైన్లు, సెకనుకు 30 ఫ్రేములు. ఐరోపాలోనూ మన దేశంలోనూ కరెంటు 50 హెర్ట్జ్, అందుకే 625 లైన్లు, 25 ఫ్రేములు. 1977లో మొదలైన హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం ప్రసారాలైనా, 1982లో దేశానికి రంగులు తెచ్చిన పాల్ పద్ధతి ప్రసారాలైనా ఈ 25 లెక్కలోనివే.

1953లో అమెరికా రంగుల టీవీ ప్రమాణాన్ని ఆమోదించినప్పుడు కొత్త ఇబ్బంది ఎదురైంది. బొమ్మ తరంగానికి 4.5 మెగాహెర్ట్జ్ ఎడంగా ఉండే శబ్ద తరంగానికీ, కొత్తగా చేర్చిన రంగు తరంగానికీ పొసగక తెరమీద సన్నని అల్లిక లాంటి మచ్చలు పడే ప్రమాదం కనిపించింది. శబ్దాన్ని కదిపితే అప్పటికే జనం కొన్న సెట్లతో పేచీ. అందుకని బొమ్మ వేగాన్నే 1001కి 1000 పాళ్ళకు తగ్గించారు. 30 కాస్తా 29.97 అయింది, 60 ఫీల్డులు 59.94 అయ్యాయి. వెయ్యిలో ఒక వంతు తేడాయే కదా అనిపిస్తుంది. కానీ ఫ్రేములకు 30 చొప్పున నంబర్లు వేసుకుంటూ పోతే గంటకు 108 ఫ్రేములు, అంటే 3.6 సెకన్లు, గడియారంతో తేడా వస్తుంది. దీన్ని సరిదిద్దడానికే డ్రాప్ ఫ్రేమ్ టైమ్‌కోడ్ పుట్టింది. ప్రతి నిమిషం మొదట్లో రెండు నంబర్లు దాటవేస్తారు, పదో నిమిషంలో మాత్రం దాటవేయరు. పోయేవి నంబర్లే, బొమ్మలు కావు. శబ్దం లెక్క కూడా దీనివల్ల చెడింది. 48 కిలోహెర్ట్జ్ ధ్వనిలో 25 ఫ్రేముల వీడియోకు ఫ్రేముకు సరిగ్గా 1,920 శాంపిళ్ళు వస్తాయి. అదే 29.97 అయితే 1,601.6. అయిదు ఫ్రేములు కలిపితే గానీ 8,008 అనే పూర్ణ సంఖ్య రాదు. హెచ్‌డీ పూర్తిగా కొత్త పద్ధతి, అందులో పాత రంగు తరంగం జాడ కూడా లేదు. అయినా 59.94 మాత్రం దిగిపోలేదు. పాత కార్యక్రమాలు, పాత పరికరాలు, పాత లింకులు ఆ లెక్కలోనే ఉండటంతో అదే కొనసాగింది.

ఫ్రేమ్ వేరు, ఫీల్డ్ వేరు

ఎస్‌డీ టీవీని ‘సెకనుకు 25 బొమ్మలు’ అనుకోవడం దగ్గరే చాలా తప్పులు మొదలవుతాయి. ఆ పాత పద్ధతి పేరు ఇంటర్‌లేసింగ్. కెమెరా మొదట ఒక వరుస విడిచి ఒక వరుస లైన్లను చదువుతుంది. అది ఒక ఫీల్డ్. సెకనులో యాభయ్యో వంతు గడిచాక విడిచిపెట్టిన లైన్లను చదువుతుంది. అది రెండో ఫీల్డ్. ఈ రెండూ కలిస్తే, మొత్తం 625లో బొమ్మను మోసే 576 లైన్ల ఫ్రేమ్ అవుతుంది. కానీ ఇవి ఒకే క్షణానికి చెందిన రెండు సగాలు కావు, వేర్వేరు క్షణాలవి. కాబట్టి పాల్ టేపులో సెకనుకు ఉన్నవి 50 వేర్వేరు క్షణాలు, ఒక్కోటీ 288 లైన్ల బొమ్మ. క్రికెట్, నాట్యం, వార్తల ప్రత్యక్ష ప్రసారం టీవీలో అంత సాఫీగా కనిపించడానికి కారణం ఆ 50.

హెచ్‌డీకి మార్చేటప్పుడు ఈ సంగతి మరిచిపోతే రెండు రకాల నష్టం. రెండు ఫీల్డులను యథాతథంగా ఒక బొమ్మగా అతికించి సైజు పెంచితే, కదిలే ప్రతి వస్తువు అంచూ దువ్వెన పళ్ళలా చీలిపోతుంది. పెద్ద తెరమీద ఆ పళ్ళు మరింత లావుగా కనిపిస్తాయి. ఈ పళ్ళు కనబడకూడదని ఒక ఫీల్డును పారేసి రెండోదాన్ని సాగదీస్తే, చీలిక పోతుంది గానీ దాంతోపాటు సగం కదలిక కూడా పోతుంది. 50 క్షణాల వీడియో 25 క్షణాలకు పడిపోతుంది. నాట్యంలో చెయ్యి గంతులు వేస్తూ కదిలినట్టు ఉంటుంది. ఇంటి టేపులను డిజిటల్ చేసేవాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు ఈ రెండోదే. ఒక్కో ఫ్రేమ్ ఆపి చూస్తే శుభ్రంగా కనబడుతుంది కాబట్టి పోయిందేమిటో చాలామంది గమనించరు.

సరైన దారి ఇది. ముందు ప్రతి ఫీల్డునూ 576 లైన్ల నిండు బొమ్మగా పూరించి సెకనుకు 50 నిండు బొమ్మలు తయారుచేయాలి. దీన్నే డీ ఇంటర్‌లేసింగ్ అంటారు. కదలని చోట రెండు ఫీల్డులనూ కలపాలి, కదిలే చోట అదే ఫీల్డులోని పై లైన్ల నుంచీ కింది లైన్ల నుంచీ అంచనా కట్టాలి. ఇంకా మంచి యంత్రాలు ముందు వెనక ఫీల్డుల్లో వస్తువు ఎటు జరిగిందో వెతికి అక్కడి నుంచి వివరం తెస్తాయి. ఆ తర్వాతే సైజు పెంచాలి. ప్రసారానికి 1080 లైన్ల ఇంటర్‌లేస్డ్ కావాలంటే ఆ 50 నిండు బొమ్మల నుంచి 540 లైన్ల ఫీల్డులు మళ్ళీ కోయాలి. విడదీయడం, పెంచడం, మళ్ళీ కోయడం అనే ఈ వరుస తప్పితే ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ అయినా చేయగలిగింది తక్కువ.

ఇక్కడే ఫీల్డుల క్రమం అనే మరో మెలిక ఉంది. ఒకప్పుడు మన పెళ్ళి వీడియోలన్నిటినీ ఏలిన డీవీ టేపులో కింది ఫీల్డ్ ముందు వస్తుంది. 1080 లైన్ల హెచ్‌డీలో పై ఫీల్డ్ ముందు. ఎడిటింగ్ టైమ్‌లైన్‌లో ఈ మార్పు చెప్పకుండా డీవీ క్లిప్ పెడితే కాలం క్రమం తారుమారవుతుంది. పెళ్ళికొడుకు రెండడుగులు ముందుకు, ఒక అడుగు వెనక్కి వేస్తూ వణుకుతున్నట్టు కనిపిస్తాడు. కంప్యూటర్ తెరమీద ఆపి చూస్తే ఈ దోషం దొరకదు. ఇంటర్‌లేస్డ్ బొమ్మను సరిగ్గా చూపగల టీవీ మీద నడిపి చూడాల్సిందే.

హెచ్‌డీ కలిపినవి, కలపలేనివి

హెచ్‌డీ వస్తే ప్రపంచమంతా ఒకే టీవీ ప్రమాణం వస్తుందని 1980ల్లో గట్టి ఆశ ఉండేది. జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే ఏళ్ళ తరబడి పరిశోధించి 1125 లైన్లు, 60 ఫీల్డుల పద్ధతి తయారుచేసింది. 1986లో యుగోస్లావియాలోని డుబ్రోవ్నిక్‌లో అంతర్జాతీయ రేడియో సంప్రదింపుల సంఘం సమావేశమైనప్పుడు దాన్నే ప్రపంచ ప్రమాణం చేయాలన్న ప్రతిపాదనకు అమెరికా మద్దతిచ్చింది. ఐరోపా దేశాలు ఒప్పుకోలేదు. 50 హెర్ట్జ్ ప్రపంచం 60కి మారితే దశాబ్దాల కార్యక్రమాలన్నీ మార్పిడి యంత్రాల పాలవుతాయన్నది వాళ్ళ వాదనల్లో ఒకటి. అందులో న్యాయం ఉంది. తమ ఎలక్ట్రానిక్స్ పరిశ్రమను కాపాడుకోవాలన్న పట్టుదలా ఉంది. ఐరోపా యురేకా 95 పేరుతో 1250 లైన్లు, 50 ఫీల్డుల సొంత పద్ధతి చేపట్టింది. చివరికి ఆ రెండు అనలాగ్ పద్ధతులూ నిలవలేదు, డిజిటల్ వాటిని దాటిపోయింది.

1990లో తొలిసారి ఆమోదం పొంది తర్వాత పలుమార్లు సవరణకు గురైన బీటీ 709 ప్రమాణం బొమ్మ సైజు గొడవను తీర్చింది. ఏ దేశమైనా 1920×1080 చుక్కలు, 16:9 నిష్పత్తి. ఎస్‌డీలో 576 లైన్ల వాళ్ళు, 480 లైన్ల వాళ్ళు అనే రెండు కులాలు ఉండేవి, అవి పోయాయి. కాలం లెక్క మాత్రం కలవలేదు. దాన్ని ఇంజనీర్లు ఎంత నేర్పుగా సర్దారో చూడాలి. 30, 25, 24 వేగాలు మూడింటికీ 74.25 మెగాహెర్ట్జ్ గడియారమే పెట్టారు. మొత్తం లైన్లు 1125 అలాగే ఉంచారు. లైను చివర ఖాళీగా పోయే భాగాన్ని మాత్రం పొడిగించారు, కుదించారు. సెకనుకు 30 ఫ్రేములైతే లైనుకు 2,200 శాంపిళ్ళు, 25 అయితే 2,640, 24 అయితే 2,750. ఏ జతనైనా 1125 లైన్లతో కలిపి గుణిస్తే అదే 74.25 మెగాహెర్ట్జ్ వస్తుంది. దీనివల్ల ఒకే కెమెరా, ఒకే రికార్డరు మీట మారిస్తే ఏ దేశానికైనా పనికొస్తుంది. అయితే ఒక వేగంతో తీసిన దృశ్యం మరో వేగంలోకి తనంతట తాను రాదు.

అమెరికాలో ఏబీసీ, ఫాక్స్, ఈఎస్‌పీఎన్ సంస్థలు 720 లైన్ల నిండు బొమ్మలను సెకనుకు 59.94 చొప్పున ప్రసారం చేయడానికి మొగ్గు చూపాయి. సీబీఎస్, ఎన్‌బీసీ 1080 ఇంటర్‌లేస్డ్ ఎంచుకున్నాయి. మన దేశంలో 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలను దూరదర్శన్ హెచ్‌డీలో అందించింది. ఇక్కడి హెచ్‌డీ 1080 లైన్లు, 50 ఫీల్డులు. కాబట్టి మన పాత ఎస్‌డీ టేపును మన హెచ్‌డీలోకి తెచ్చేటప్పుడు కాలం లెక్క మార్చాల్సిన పని లేదు. అంతకంటే అదృష్టం ఉండదు. దాన్ని చెడగొట్టుకోకుండా ఉంటే చాలు.

సినిమా టీవీకి వచ్చే దారి

24 ఫ్రేముల సినిమా 60 ఫీల్డుల టీవీకి రావాలంటే ఒక్కో ఫ్రేమ్‌కు రెండున్నర ఫీల్డులు కావాలి. సగం ఫీల్డ్ ఉండదు కాబట్టి ఒక ఫ్రేమ్‌కు రెండు, తర్వాతి దానికి మూడు చొప్పున పంచుతారు. దీనికి 2:3 పుల్‌డౌన్ అని పేరు. వరుసగా నాలుగు ఫిల్ము ఫ్రేములను క, చ, ట, త అనుకుందాం. పది ఫీల్డులు కక చచ చట టత తత అని వస్తాయి. అయిదు టీవీ ఫ్రేములలో మూడు శుభ్రమైనవి. ‘చట’, ‘టత’ అనేవి రెండు వేర్వేరు బొమ్మల కలగాపులగం. కెమెరా మెల్లగా పక్కకు తిరిగే దృశ్యంలో ఒక బొమ్మ ఎక్కువసేపు, ఒకటి తక్కువసేపు నిలవడం వల్ల చిన్న కుదుపు తెలుస్తుంది. అమెరికా ప్రేక్షకులు పుట్టినప్పటి నుంచీ దాన్నే చూశారు కాబట్టి పట్టించుకోరు.

ఇందులో మెచ్చుకోవాల్సింది ఒకటుంది. ఈ పని వెనక్కి తిప్పవచ్చు. ఏ ఫీల్డ్ ఏ ఫ్రేమ్‌దో కనిపెట్టి, మిగులు ఫీల్డును తీసేసి అసలు 24 ఫ్రేములను తిరిగి పొందవచ్చు. దీన్ని ఇన్వర్స్ టెలిసినీ అంటారు. కానీ టేపు మీదికి వచ్చాక ఎడిటింగ్ చేసి ఉంటే ప్రతి కట్ దగ్గరా వరుస తెగిపోతుంది, ప్రతిచోటా మళ్ళీ మొదటి నుంచి వెతుక్కోవాలి. ఇది తెలియకుండా ఎస్‌డీ టేపును నేరుగా సైజు పెంచినవారి హెచ్‌డీలో ఆ కలగాపులగం ఫ్రేములు శాశ్వతంగా ఉండిపోయాయి.

50 హెర్ట్జ్ దేశాలు వేరే దారి పట్టాయి. 24కూ 25కూ తేడా చిన్నదే కనుక సినిమాను కొంచెం వేగంగా నడిపేస్తారు. ప్రతి ఫ్రేమ్‌కూ రెండేసి ఫీల్డులు, కలగాపులగం లేదు, కుదుపు లేదు. మూల్యం వేరేచోట చెల్లించాలి. రెండు గంటల సినిమా 115 నిమిషాల 12 సెకన్లలో అయిపోతుంది. వేగం 4 శాతం పైచిలుకు పెరగడంతో శ్రుతి కూడా పెరుగుతుంది. ఒక స్వరస్థానానికీ పక్క స్వరస్థానానికీ ఉండే దూరంలో అది దాదాపు 70 శాతం. ఒకటో శ్రుతిలో పాడిన పాట ఒకటిన్నర దగ్గరికి చేరుతుందన్నమాట. మన టీవీల్లో ఈ పద్ధతిలో వచ్చిన పాత పాటకు హార్మోనియం పట్టుకుని కూర్చున్నవారికి మెట్టు ఎక్కడా కుదరకపోవడానికి కారణం ఇదే. శ్రుతిని మాత్రం దించి, వేగాన్ని అలాగే ఉంచే పరికరాలు ఉన్నాయి. పాటలే ప్రాణమైన మన సినిమాలకు అది తప్పనిసరి పని. ఆ ఖర్చు దగ్గర చేయి బిగించడం సరికాదు. మరో మార్గం, సెకనుకు ఒక బొమ్మ విలువ చేసే రెండు ఫీల్డులను అదనంగా పునరావృతం చేయడం. అప్పుడు శ్రుతి చెడదు, కానీ సెకనుకు రెండు చిన్న తడబాట్లు కంటబడతాయి.

హెచ్‌డీ తెచ్చిన మేలు ఏమిటంటే 24 ఫ్రేములే స్వయంగా ఒక వీడియో ప్రమాణం కావడం. సోనీ హెచ్‌డీడబ్ల్యూ ఎఫ్900 కెమెరా 24 నిండు ఫ్రేములను నేరుగా టేపు మీద రికార్డు చేసేది. 2002లో విడుదలైన స్టార్ వార్స్ రెండో ఎపిసోడ్‌ను దాని మీదే తీశారు. సినిమాను ఒకసారి 24 ఫ్రేముల హెచ్‌డీ మాస్టరుగా చేసి పెట్టుకుంటే, అమెరికాకు పుల్‌డౌన్ చేర్చి పంపవచ్చు, ఇండియాకు 25కు వేగం పెంచి పంపవచ్చు. బ్లూ రే డిస్కు ఆ 24ను అలాగే మోస్తుంది. 120 హెర్ట్జ్ టీవీ ఒక్కో ఫ్రేమును సరిగ్గా అయిదుసార్లు చూపుతుంది.

50 నుంచి 60కి: అసలు పరీక్ష

సినిమా విషయంలో ఫ్రేములను అటూ ఇటూ పంచి సరిపెట్టవచ్చు. ప్రత్యక్ష ప్రసారాన్ని వేగంగా తిప్పడానికి వీల్లేదు. హైదరాబాద్ ఉప్పల్ స్టేడియంలో ఆట మూడు గంటలు సాగితే డాలస్‌లోనూ మూడు గంటలే సాగాలి. కాబట్టి ప్రతి 5 బొమ్మల నుంచి 6 తయారు చేయాలి. మొదటిది నేరుగా సరిపోతుంది. మిగతా అయిదూ రెండు అసలు బొమ్మల మధ్య ఎక్కడో పడతాయి. పైగా అమెరికా లెక్క 60 కాదు, 59.94. కొత్త బొమ్మ పాత బొమ్మతో కచ్చితంగా కలిసేది 1001 ఫీల్డులకు ఒకసారి, అంటే 20.02 సెకన్లకు ఒకసారే. తక్కినవన్నీ తయారు చేసుకోవాల్సినవే.

చవక దారి, అయిదింట ఒకదాన్ని రెండుసార్లు చూపడం. సెకనుకు పది గంతులు పడతాయి. రెండో దారి, ముందు బొమ్మనూ వెనక బొమ్మనూ పాళ్ళ ప్రకారం కలపడం. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే బంతిని తీసుకుందాం. సెకనులో యాభయ్యో వంతులో అది దాదాపు 78 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది. రెండు బొమ్మలు సగం సగం కలిపితే 78 సెంటీమీటర్ల ఎడంలో రెండు వెలిసిన బంతులు కనిపిస్తాయి తప్ప, మధ్యలో ఉండాల్సిన ఒక్క బంతి కనిపించదు. ఎస్‌డీ చిన్న తెరమీద ఈ మసక కొంత దాగేది. హెచ్‌డీ పెద్ద తెర దాన్ని దాచదు.

సైజు మార్పులో పనికొచ్చే సగటు లెక్క కాలంలో ఎందుకు పనికిరాదన్న ప్రశ్నకు జవాబు కంటిలో ఉంది. మనం కదిలే వస్తువును చూస్తున్నప్పుడు కన్ను నిలకడగా ఉండదు, వస్తువుతో పాటే జరుగుతుంది. కంటి దృష్టిలో బంతి ఆగినట్టే, దాని అంచులు స్పష్టంగా కనబడాలని మెదడు కోరుకుంటుంది. కాబట్టి కొత్త బొమ్మను లెక్కగట్టే దారి తెరమీద ఒకే చోట నిలబడి ముందు వెనక చూడటం కాదు. వస్తువు కదిలే దారి వెంట నడవడం. దీనికే మోషన్ కాంపెన్సేషన్ అని పేరు. యంత్రం బొమ్మను ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్క తర్వాతి బొమ్మలో ఎటు, ఎంత జరిగిందో కొలుస్తుంది. ఆ దూరంలో తగిన వంతు మేరకు దాన్ని జరిపి కొత్త బొమ్మలో ఉంచుతుంది.

ఇది తప్పే చోట్లు చాలానే ఉన్నాయి. పరుగెత్తే ఆటగాడి వెనక అంతదాకా కనబడని ప్రేక్షకులు బయటపడతారు. వాళ్ళు ముందు బొమ్మలో లేరు, ఎక్కడి నుంచి తేవాలి? కదిలే దృశ్యం మీద తెర అడుగున వార్తల స్క్రోలింగ్ ఇంకో దిశలో పోతుంటే రెండు కదలికలు ఒకేచోట కొట్టుకుని అక్షరాలు కరిగినట్టు అవుతాయి. తెలుగు అక్షరాల వంపులూ ఒత్తులూ ఇలాంటప్పుడు మరీ దెబ్బతింటాయి. నెట్ల వెనక ప్రాక్టీసు, సైకిల్ చక్రపు పుల్లలు, ఫొటోగ్రాఫర్ల ఫ్లాష్‌లు, నీటి తుంపర్లు కూడా అంతే. అందుకే మంచి యంత్రం తన అంచనా మీద నమ్మకం తగ్గిన చోట సాహసం చేయకుండా సగటు దారికి దిగిపోతుంది.

ఈ యంత్రాల వంశం పాతదే. మొదట్లో ఒక ప్రమాణపు తెర ముందు మరో ప్రమాణపు కెమెరా పెట్టి మళ్ళీ చిత్రించేవారు. 1969లో అపోలో 11 నుంచి చంద్రుడి మీది దృశ్యాలు సెకనుకు 10 ఫ్రేములు, 320 లైన్లతో వచ్చాయి. భూమ్మీది కేంద్రాల్లో ఇలాగే తెర ముందు కెమెరా పెట్టి, అయస్కాంత డిస్కు మీద నిలిపిన బొమ్మలను మళ్ళీ మళ్ళీ చూపి అమెరికా ప్రమాణంలోకి తెచ్చారు. ప్రపంచం చూసింది ఆ మసకబారిన నకలునే. 1968 మెక్సికో ఒలింపిక్స్‌కు బీబీసీ పూర్తి ఎలక్ట్రానిక్ మార్పిడి యంత్రం వాడింది. 1972లో బ్రిటన్ స్వతంత్ర ప్రసార ప్రాధికార సంస్థ డైస్ అనే డిజిటల్ యంత్రం తయారు చేసింది. 1980ల్లో బీబీసీ పరిశోధకులు ఫేజ్ కోరిలేషన్ అనే కదలిక కొలత పద్ధతిని టీవీకి అనువుగా మలిచారు. 1990ల్లో స్నెల్ అండ్ విల్‌కాక్స్ ఆల్కెమిస్ట్ యంత్రం దాన్ని స్టూడియోలకు చేర్చింది. ఇటీవల డైన్, రైఫ్ లాంటి కృత్రిమ మేధ పద్ధతులు మామూలు కంప్యూటర్లలోనే మధ్య బొమ్మలను తయారు చేస్తున్నాయి. వాటి ఫలితాలు కళ్ళు చెదిరేలా ఉంటున్నాయి. కానీ అవి చూపేది కెమెరా చూసిన క్షణం కాదు, ఊహించిన క్షణం. వినోదానికి సరే. చరిత్రకు ఆధారంగా నిలవాల్సిన దృశ్యాలకు అసలు ప్రతిని పక్కన ఉంచకుండా వీటిని వాడకూడదు.

మూలానికి తిరిగి వెళ్ళడం

అన్నిటికంటే మంచి మార్పిడి, మార్పిడి అవసరమే లేకుండా చేసుకోవడం. స్టార్ ట్రెక్ టీవీ ధారావాహిక ‘ద నెక్స్ట్ జనరేషన్’ 35 మిల్లీమీటర్ల ఫిల్ము మీద 24 ఫ్రేములతో తీసింది. ఎడిటింగ్, ఎఫెక్టులు మాత్రం 525 లైన్ల టేపు మీద జరిగాయి. అందుకని పూర్తయిన ఎపిసోడ్ ఎస్‌డీలో తప్ప మరెక్కడా లేదు. హెచ్‌డీ కోసం సీబీఎస్ ఆ టేపులను సాగదీయలేదు. అసలు నెగెటివ్ చుట్టలను బయటికి తీసి, స్కాన్ చేసి, పాత ఎడిటింగ్‌ను అనుసరిస్తూ ఎపిసోడ్లను మళ్ళీ కూర్చి, ఎఫెక్టులను కొత్తగా కలిపింది. 2012 నుంచి వచ్చిన ఆ బ్లూ రేలలో పుల్‌డౌన్ మచ్చ లేదు. అదే కుటుంబంలోని ‘డీప్ స్పేస్ నైన్’, ‘వాయేజర్’ ధారావాహికలకు ఆ భాగ్యం దక్కలేదు.

మూలం పోయినప్పుడు ఏం చేయవచ్చో బీబీసీ చూపింది. 1971 నాటి ‘డాక్టర్ హూ’ కథ ‘ద క్లాజ్ ఆఫ్ ఆక్సాస్’కు చెందిన కొన్ని 625 లైన్ల టేపులు చెరిగిపోయి, విదేశాలకు పంపిన 525 లైన్ల నకళ్ళు మిగిలాయి. ఆనాటి మార్పిడి యంత్రం ఫీల్డులను ఏ పాళ్ళలో కలిపిందో లెక్క తెలిసినందువల్ల, ఆ లెక్కను వెనక్కి తిప్పి 50 ఫీల్డులను తిరిగి రాబట్టారు. 2005 డీవీడీలో అది వెలువడింది. నకలు తయారైన పద్ధతి ఎవరో రాసిపెట్టబట్టే అది సాధ్యమైంది.

మన విషయానికి వస్తే, 1957 నాటి ‘మాయాబజార్’ 2010లో రంగులద్దుకుని కొత్త తెరలకు సరిపోయిందంటే ఫిల్ము మిగిలి ఉండటమే కారణం. ఫిల్ములో 24 ఫ్రేములూ ఎప్పటికీ అలాగే ఉంటాయి. 1980ల తర్వాత వీడియో టేపు మీదే పుట్టిన సీరియళ్ళకు, ఇంటర్వ్యూలకు, నాటకాలకు ఆ దిక్కు లేదు. వాటికి ఆ 50 ఫీల్డులే మూలం.

మన ఇళ్ళ దగ్గర

విదేశాల్లోని తెలుగువారి కోసం వచ్చిన సినిమా డీవీడీల్లో చాలావరకు అమెరికా ప్రమాణంలో ఉండేవి. 25కు మార్చిన టేపు నుంచి మళ్ళీ 29.97కు ఫీల్డులు కలిపి చేసిన వాటిలో ప్రతి కదలిక వెనకా నీడ లాంటి రెండో బొమ్మ కనబడుతుంది. ఆ డిస్కుల నుంచి చేసిన ‘హెచ్‌డీ’ ఫైళ్ళకు ఆ నీడ వారసత్వంగా వస్తుంది. సైజు ఎంత పెంచినా అది పోదు. ఫోన్లతో కొత్త చిక్కు వచ్చింది. చాలా ఫోన్లు సెకనుకు 30 ఫ్రేములతో, అదీ వెలుతురును బట్టి కొంచెం ఎక్కువ తక్కువలతో రికార్డు చేస్తాయి. ఆ క్లిప్ మన 50 ఫీల్డుల వార్తా ఛానెల్‌కు చేరేసరికి తడబడుతుంది. 50 హెర్ట్జ్ కరెంటు మీద వెలిగే ట్యూబ్‌లైట్ల కింద 30 లేదా 60తో తీస్తే తెరమీద చారలు కదులుతాయి. ఫోన్లో 25 ఫ్రేముల ఎంపిక ఉంటే, ఇక్కడి టీవీ కోసం తీసేవారు దాన్నే వాడటం మంచిది.

అల్ట్రా హెచ్‌డీ కోసం 2012లో వచ్చిన బీటీ 2020 ప్రమాణం ఇంటర్‌లేసింగ్‌ను పూర్తిగా వదిలేసి, సెకనుకు 120 నిండు బొమ్మల దాకా అనుమతించింది. 50, 60 రెండూ నిశ్శేషంగా భాగించే 300 ఫ్రేములతో తీస్తే గొడవ తీరుతుందని 2008లో బీబీసీ పరిశోధకులు సూచించారు గానీ అది ప్రసారానికి రాలేదు. 50, 59.94 పక్కపక్కనే సాగుతున్నాయి.

ఇంట్లో పాత పెళ్ళి టేపు, తాతయ్య హరికథ, అమ్మమ్మ మాటలు ఉన్న క్యాసెట్ ఉంటే డిజిటల్ చేయించేటప్పుడు రెండు ఫైళ్ళు అడగండి. ఒకటి టేపులో ఉన్నది ఉన్నట్టు 576 లైన్లు, 50 ఫీల్డులతో. రెండోది చూసుకోవడానికి, సెకనుకు 50 నిండు బొమ్మలతో. 25కు తగ్గించవద్దని, 30కి మార్చవద్దని ముందే చెప్పండి. పని అయ్యాక క్యాసెట్‌ను పారేయకండి.